వీధిలో తుపాకీ: ధమ్మ దృష్టితో ఒక పాఠం



అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మనిషి తుపాకీని అందరికీ కనబడేలా నడుముకో భుజానికో తగిలించుకుని బజారుకు వెళ్లొచ్చు. దీన్ని అక్కడ ‘ఓపెన్ క్యారీ’ అంటారు. టెక్సాస్‌లో 2016 జనవరి 1 నుంచి లైసెన్సు ఉన్నవాళ్లు చిన్న తుపాకీని ఇలా పెట్టుకు తిరగొచ్చు. 2021 సెప్టెంబరు నుంచి చాలామందికి ఆ లైసెన్సు కూడా అక్కర్లేదు. సమర్థించేవాళ్లు 1791లో వాళ్ల రాజ్యాంగంలో చేరిన రెండో సవరణను చూపిస్తారు. ఆయుధం కనబడితే దొంగ దగ్గరికి రాడు, ప్రభుత్వం కూడా హద్దు మీరదు అంటారు. వ్యతిరేకించేవాళ్లు ఒకటే అడుగుతారు: తుపాకీ పట్టుకున్నవాడి మనసులో ఏముందో పక్కవాడికి ఎలా తెలుస్తుంది?

ఎక్కడో జరిగేది మనకెందుకు అనుకోకండి. కారంచేడు (1985), చుండూరు (1991) మరిచిపోని మన వాడల్లో ‘మన చేతిలోనూ ఆయుధం ఉండుంటే?’ అనే మాట ఇప్పటికీ వినబడుతుంది. అలా అడిగినవాళ్లను కసిరి కూర్చోబెట్టకూడదు. కూర్చుని విచారించాలి.

1. చట్టం ఎవరిని చూసి మారింది?

1966 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టారు. నల్లవాళ్ల పేటల్లో పోలీసుల దౌర్జన్యాన్ని కనిపెట్టడానికి పాంథర్లు తూటాలు నింపిన తుపాకులు బాహాటంగా పట్టుకుని గస్తీ తిరిగేవారు. అప్పటి రాష్ట్ర చట్టం ప్రకారం అది నేరం కాదు. డాన్ మల్ఫోర్డ్ అనే శాసనసభ్యుడు దాన్ని ఆపడానికి బిల్లు తెచ్చాడు. 1967 మే 2న పాంథర్లు తుపాకులతోనే శాక్రమెంటోలోని శాసనసభ భవనంలోకి వెళ్లి నిరసన తెలిపారు. మూడు నెలలు తిరక్కుండానే గవర్నర్ రోనాల్డ్ రీగన్ ఆ బిల్లు మీద సంతకం పెట్టాడు.

ఇప్పుడు 2020 చూడండి. ఏప్రిల్ 30న కరోనా ఆంక్షలు వద్దంటూ మిషిగన్ శాసనసభ భవనానికి వచ్చినవాళ్లలో కొందరు రైఫిళ్లతో లోపలికి వెళ్లారు. వాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు. కొందరు సభ్యులు బుల్లెట్‌ప్రూఫ్ చొక్కాలు వేసుకుని సభలో కూర్చున్నారు. ఆ భవనంలో బాహాటంగా తుపాకీ పట్టుకోవడాన్ని నిషేధించింది 2021 జనవరిలో. ఒహాయో కూడా ఓపెన్ క్యారీ రాష్ట్రమే. అక్కడి క్లీవ్‌లాండ్‌లో 2014లో ఆటతుపాకీ పట్టుకున్న 12 ఏళ్ల నల్ల పిల్లవాణ్ని, కారు దిగీ దిగగానే పోలీసు కాల్చేశాడు.

అంటే కాగితం మీద హక్కు అందరిదీ. వీధిలోకొచ్చేసరికి ఒకరి చేతిలో హక్కు, ఇంకొకరి చేతిలో ప్రమాదం. ఇది మనకు తెలియని సంగతా? పెళ్లిగుర్రం, మీసం కూడా మన దగ్గరికొచ్చేసరికి నేరాలైపోతాయి కదా!

2. మన చట్టం ఏమంటుంది?

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీకి లైసెన్సు కావాలి. అట్రాసిటీల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దాని కింద 1995లో చేసిన నియమాల్లో 3వది చదవండి. దాడులు జరిగే ప్రాంతాలను ప్రభుత్వం గుర్తించాలి. అవసరమనుకుంటే అక్కడ ఎస్సీ, ఎస్టీలు కానివారి ఆయుధ లైసెన్సులు రద్దుచేసి, ఆ ఆయుధాలను ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించాలి. అక్రమ తుపాకులను పట్టుకోవాలి. అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీల ప్రాణాలకు, ఆస్తికి రక్షణగా వారికి లైసెన్సులు ఇవ్వాలి.

ఇందులోని వరుస గమనించండి. ముందు దాడిచేసేవాడి చేతిలోది దించాలి. మనకు ఇవ్వడం చివరి మాట. మనం కూడా మొదటిదాన్నే మొదట అడగాలి.

3. ధమ్మం ఏమంటుంది?

‘బుద్ధుడు - ఆయన ధమ్మం’లో బాబాసాహెబ్ అహింసను గుడ్డి నియమంగా చెప్పలేదు. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అని విడదీసి చెప్పారు. కాబట్టి ఇంటి మీద పడ్డవాణ్ని అడ్డుకోవడం పాపమని ఎవరూ మీకు బోధించనక్కర్లేదు. అయితే బజార్లో, సభలో, బడి ముందు తుపాకీ చూపిస్తూ తిరగడం ఆ అవసరం కిందికి వస్తుందా? ఎదుటివాణ్ని భయపెట్టడం కిందికి వస్తుందా?

వినయ పిటకంలో భిక్షువులకు ఒక చిన్న నియమం ఉంది. జబ్బుపడనివాడు ఆయుధం చేతబట్టుకుని ఉంటే అతనికి ధమ్మం బోధించకూడదు. కర్ర పట్టుకున్నా, కత్తి పట్టుకున్నా అంతే. కారణం మనమే ఆలోచించుకోవచ్చు. చేతిలో ఆయుధం ఉన్నప్పుడు వినే చెవి మూసుకుంటుంది. చెప్పేవాడి నోరు కూడా స్వేచ్ఛగా ఆడదు. మిషిగన్ సభ్యులకు ఆరోజు జరిగింది అదే.

రోహిణీ నది నీళ్ల తగాదాలో యుద్ధం వద్దని సిద్ధార్థుడు శాక్య సంఘంలో లేచి వాదించాడని బాబాసాహెబ్ రాశారు. ఓటింగులో ఓడిపోయాడు, ఇల్లు విడిచాడు. అయినా కత్తి చూపించి సంఘాన్ని ఒప్పించాలని చూడలేదు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ కూడా ఆ నల్ల సోదరుల నుంచి పేరు తెచ్చుకున్నారు, తుపాకీ తెచ్చుకోలేదు. కవిత్వంతో, ఊరేగింపుతో దేశాన్ని కదిలించారు.

ఈ వారం చేయవలసింది

మీ స్టడీ సర్కిల్‌లో 3వ నియమాన్ని గట్టిగా చదివించండి. మీ జిల్లాలో దాడులు జరిగే ప్రాంతాలను గుర్తించారా, అక్కడ ఎన్ని లైసెన్సులు రద్దు చేశారు అని సమాచార హక్కు చట్టం కింద కలెక్టరాఫీసుకు దరఖాస్తు పెట్టండి. దాని మీద పదిమంది సంతకాలుంటే ఇంకా మంచిది. వచ్చే సమావేశంలో ఈ రెండు ప్రశ్నలు చర్చించండి: మన రక్షణకు ఏది అవసరం? మనలో ఏది పగ?

రెండోదానికి జవాబు పైకి చెప్పకపోయినా ఫర్వాలేదు. ఎవరికి వారు తమ మనసులో చూసుకుంటే చాలు.

నమో బుద్ధాయ. జై భీమ్.