ఒకేసారి మూడు ఏఐ కోడింగ్ ఏజెంట్లు: బ్యాక్‌గ్రౌండ్‌లో ఏది ఏం చేస్తోందో తెలియాలంటే?

క్లాడ్ కోడ్, కోడెక్స్ సీఎల్ఐ, జెమినీ సీఎల్ఐ... ఈ మూడూ 2025లోనే మన టెర్మినల్‌లోకి వచ్చేశాయి. ఏజెంట్‌కి ఒక పని చెప్పి, అది పూర్తయ్యేదాకా స్క్రీన్ చూస్తూ కూర్చోవాలంటే ఎవరికైనా బోరే. అందుకే రెండో టెర్మినల్ తెరుస్తాం, ఇంకో పని అప్పజెబుతాం. తర్వాత మూడోది. గంట గడిచేసరికి ఏ ట్యాబ్‌లో ఏం నడుస్తోందో గుర్తుండదు. ఒకటి పని అయిపోయి ఖాళీగా ఉంటుంది. ఇంకోటి "ఈ కమాండ్ రన్ చేయనా?" అని అడిగి, మన జవాబు కోసం అరగంటగా అలాగే ఆగి ఉంటుంది.

ఆఫీసులో నేను రోజూ రెండు మూడు సెషన్లు నడుపుతాను. దీనికోసం కొత్త యాప్ ఏదీ కొనక్కర్లేదు. ఎప్పటి నుంచో ఉన్న రెండు ఉచిత టూల్స్ చాలు: టీమక్స్, గిట్ వర్క్‌ట్రీ. లినక్స్, మ్యాక్ ఉన్నవాళ్లు నేరుగా, విండోస్ వాళ్లు డబ్ల్యూఎస్ఎల్‌లో వాడుకోవచ్చు. కమాండ్లను ఇక్కడ పలికినట్టే రాస్తున్నాను, టైప్ చేసేది మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లోనే.

ముందు సెషన్ ఆగిపోకుండా చూడాలి

టెర్మినల్ విండో మూసేసినా, ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్ తెగినా, అందులో నడుస్తున్న ప్రోగ్రామ్‌కి 'హ్యాంగప్' అనే సిగ్నల్ వెళ్తుంది. మామూలుగా ఆ సిగ్నల్ అందగానే ప్రోగ్రామ్ ఆగిపోతుంది. 2007 నుంచి ఉన్న టీమక్స్ ఇక్కడే పనికొస్తుంది. మన విండోకీ ప్రోగ్రామ్‌కీ మధ్య ఒక సర్వర్‌లా కూర్చుని, విండో పోయినా ప్రోగ్రామ్‌ని నడుపుతూనే ఉంటుంది.

'టీమక్స్ న్యూ', తర్వాత 'మైనస్ ఎస్', తర్వాత సెషన్ పేరు. అంతే. పేరు మాత్రం పనిని బట్టి పెట్టండి: 'లాగిన్', 'టెస్టులు', 'డాక్స్' ఇలా. ఏజెంట్1, ఏజెంట్2 అని పెడితే సాయంత్రానికి ఏది ఏదో మీకే తెలియదు. బయటికి రావడానికి కంట్రోల్, బి కలిపి నొక్కి వదిలేసి, డి నొక్కాలి. 'టీమక్స్ ఎల్ఎస్' కొడితే సెషన్ల లిస్ట్ వస్తుంది. మళ్లీ లోపలికి వెళ్లాలంటే 'టీమక్స్ అటాచ్', 'మైనస్ టి', పేరు.

ఒక్కటి గుర్తుంచుకోండి. ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్తే టీమక్స్ కూడా దానితో పాటే నిద్రపోతుంది. మూత మూసి బస్సెక్కి, పని జరుగుతోందనుకుంటే కుదరదు. అలా కావాలంటే ఏజెంట్‌ని ఒక క్లౌడ్ సర్వర్‌లోనో, ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే పాత పీసీలోనో నడపాలి.

అసలు గొడవ ఫోల్డర్ దగ్గర

చాలామంది టీమక్స్ దాకా వచ్చి ఆగిపోతారు. ఒకే ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో మూడు ఏజెంట్లను వదిలేస్తారు. ఏమవుతుందో చూద్దాం.

మీది కాలేజ్ బస్ ట్రాకింగ్ యాప్ అనుకోండి. మొదటి ఏజెంట్ ఓటీపీ లాగిన్ రాస్తోంది. రెండోది రూట్ స్క్రీన్‌కి టెస్టులు రాస్తోంది. లాగిన్ ఫంక్షన్ ఇంకా సగంలో ఉండగానే రెండో ఏజెంట్ టెస్టులన్నీ రన్ చేసింది. సగం రాసిన కోడ్ కదా, ఫెయిలయ్యాయి. ఆ కోడ్ ఇంకో ఏజెంట్ రాస్తోందని దీనికి తెలియదు. "ఇక్కడ బగ్ ఉంది" అనుకుని తనే దిద్దేస్తుంది. ఈలోపు మొదటిది అదే ఫైల్ మళ్లీ తెరిచి, మారిపోయిన కోడ్ చూసి, ఇంకో రకంగా మారుస్తుంది. చివరికి టెస్టులు పాస్ కూడా కావచ్చు. కానీ ఏ లైన్ ఎందుకు వచ్చిందో చెప్పడం ఎవరి వల్లా కాదు. ఎర్రర్ వస్తే కనీసం కనిపిస్తుంది, ఇది అలా కనిపించదు. ఓటీపీ చెక్ చేసే లైన్ ఇలా మాయమైతే ఎవరు ఎవరి అకౌంట్‌లోకైనా వెళ్లొచ్చు.

మందు: గిట్ వర్క్‌ట్రీ. 2015లో గిట్ 2.5తో వచ్చిన సౌకర్యం ఇది. రిపో ఒక్కటే, కానీ ఒక్కో బ్రాంచ్‌కి ఒక్కో ఫోల్డర్. 'గిట్ వర్క్‌ట్రీ యాడ్', ఫోల్డర్ దారి, 'మైనస్ బి', కొత్త బ్రాంచ్ పేరు. హిస్టరీ అన్నిటికీ ఉమ్మడే కాబట్టి మళ్లీ క్లోన్ చేయక్కర్లేదు. ఒక వర్క్‌ట్రీలో తెరిచి ఉన్న బ్రాంచ్‌ని ఇంకోదాంట్లో తెరవబోతే గిట్ ఒప్పుకోదు. అది మన మంచికే.

కొత్త ఫోల్డర్‌లో గిట్ ట్రాక్ చేసే ఫైళ్లే ఉంటాయి. 'డాట్ ఎన్వ్' ఉండదు, 'నోడ్ మాడ్యూల్స్' ఉండదు. విడిగా కాపీ చేసుకోవాలి, ఇన్‌స్టాల్ చేసుకోవాలి. డెవ్ సర్వర్లు రెండూ 3000 పోర్టే అడుగుతాయి కాబట్టి ఒక్కోదానికి ఒక్కో నంబర్ ఇవ్వండి. అన్నిటికంటే ముఖ్యం డేటాబేస్. ఫోల్డర్లు వేరైనా డేటాబేస్ ఒక్కటే అయితే, ఒక ఏజెంట్ రన్ చేసిన మైగ్రేషన్ ఇంకోదాని కాళ్ల కింద నేల లాగేస్తుంది.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదు. 2025 జులైలో రెప్లిట్ ఏఐ ఏజెంట్ తన ప్రొడక్షన్ డేటాబేస్‌ని తుడిచేసిందని సాస్టర్ వ్యవస్థాపకుడు జేసన్ లెమ్‌కిన్ బయటపెట్టారు. కోడ్ మార్చొద్దని అప్పటికే చెప్పి ఉన్నారాయన. రెప్లిట్ సీఈఓ అమ్జాద్ మసాద్ క్షమాపణ చెప్పి, డెవలప్‌మెంట్, ప్రొడక్షన్ డేటాబేస్‌లను వేరు చేస్తున్నామని ప్రకటించారు. అంత పెద్ద ప్లాట్‌ఫామ్‌కే ఆ గోడ అవసరమైంది. మీ 'డాట్ ఎన్వ్'లో ప్రొడక్షన్ పాస్‌వర్డ్ ఉంటే ఇప్పుడే తీసేయండి.

వర్క్‌ట్రీ రక్షణ గోడ కూడా కాదు. ఏజెంట్ నడిచేది మీ యూజర్ పేరు మీదే కాబట్టి పక్క ఫోల్డర్‌లోకీ వెళ్లగలదు. పర్మిషన్లు అడగడం పూర్తిగా ఆపేసే ఆప్షన్‌కి క్లాడ్ కోడ్ వాళ్లు పేరులోనే 'డేంజరస్లీ' అని పెట్టారు. బ్యాక్‌గ్రౌండ్‌లో వదిలేస్తాం కదా అని చాలామంది అదే ఆన్ చేస్తారు. కంటెయినర్ లోపలైతే సరే, సొంత ల్యాప్‌టాప్‌లో మాత్రం వద్దు. టెస్టులు రన్ చేయడం లాంటి మామూలు కమాండ్లకే ముందస్తు అనుమతి ఇవ్వండి.

పిలిచినప్పుడే వెళ్లడం

ఐదు నిమిషాలకోసారి ప్రతి సెషన్‌లోకీ తొంగిచూస్తుంటే బ్యాక్‌గ్రౌండ్ అన్న మాటకి అర్థమే లేదు. టీమక్స్‌లో 'మానిటర్ సైలెన్స్' అని ఒక సెట్టింగ్ ఉంది. దానికి 60 ఇస్తే, ఒక విండోలో నిమిషం పాటు కదలిక లేకపోతే కింద స్టేటస్ లైన్‌లో గుర్తు చూపిస్తుంది. క్లాడ్ కోడ్‌లో హుక్స్ ఉన్నాయి: పని ఆగినప్పుడు, అనుమతి కావాల్సినప్పుడు మనం చెప్పిన కమాండ్ రన్ అవుతుంది. నేను అక్కడ ఎన్‌టీఎఫ్‌వై అనే ఉచిత సర్వీస్‌కి ఒక కర్ల్ కమాండ్ పెట్టుకున్నాను, ఫోన్‌కి నోటిఫికేషన్ వస్తుంది. అందులో టాపిక్ పేరు ఊహించగలిగినవాళ్లెవరైనా మెసేజ్ చదవగలరు. కాబట్టి పేరు గజిబిజిగా పెట్టి, మెసేజ్‌లో సెషన్ పేరు తప్ప ఇంకేం పంపకండి.

ఫోన్ నుంచే జవాబివ్వాలంటే ఆండ్రాయిడ్‌లో టర్మక్స్ వేసుకోండి. మామూలు ఎస్ఎస్‌హెచ్ కంటే మోష్ నయం, వైఫై నుంచి మొబైల్ డేటాకి మారినా కనెక్షన్ తెగదు. మీ ఫోన్ బ్యాటరీ సేవర్ టర్మక్స్‌ని మూసేయకుండా సెట్టింగ్స్‌లో మినహాయింపు ఇవ్వాలి. నిజం చెప్పాలంటే ఆరంగుళాల స్క్రీన్ మీద 'సరే', 'వద్దు' చెప్పడానికే బాగుంటుంది, కోడ్ చదవడానికి కాదు.

ఎన్ని నడపొచ్చు?

మోడల్ నడిచేది కంపెనీ సర్వర్లలో కాబట్టి ఏజెంట్ మీ ర్యామ్‌ని పెద్దగా తినదు. తినేవి టెస్టులు, డెవ్ సర్వర్లు, గ్రేడిల్ బిల్డులు. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో రెండు ఆండ్రాయిడ్ బిల్డులు ఒకేసారి నడిపితే మౌస్ కూడా కదలదు. పైగా సెషన్లన్నీ ఒకే ప్లాన్ లిమిట్‌ని పంచుకుంటాయి.

అయినా నా లెక్క ర్యామ్‌ని బట్టి కాదు. సాయంత్రంలోపు ఎన్ని డిఫ్‌లు లైన్ లైన్‌గా చదవగలనో అన్ని సెషన్లే మొదలుపెడతాను. ఒకటి లోతైన పని, ఒకటి రెండు చిన్నవి. పేమెంట్, లాగిన్ లాంటివైతే ఒక్కటే నడిపి, పక్కనే కూర్చుంటాను.

మెర్జ్ అయిపోయాక 'గిట్ వర్క్‌ట్రీ రిమూవ్'తో ఫోల్డర్ తీసేయండి. కమిట్ చేయని మార్పులుంటే గిట్ తీయనంటుంది. వెంటనే 'ఫోర్స్' కొట్టకుండా ఆ మార్పులేంటో ఒకసారి చూడండి. బ్రాంచ్ మాత్రం అలాగే మిగులుతుంది, దాన్ని విడిగా డిలీట్ చేసుకోవాలి. ఫోల్డర్‌ని చేత్తో డిలీట్ చేసేసి ఉంటే 'గిట్ వర్క్‌ట్రీ ప్రూన్' కొట్టండి, లిస్ట్‌లో మిగిలిపోయిన పాత పేర్లు పోతాయి.