ఫ్రీజ్ చేశాక వెనక్కి చూడొద్దు

మా పక్కింటి అబ్బాయి ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు పెట్టుకున్న వారం నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది. ర్యాంకు మంచిదే. ఫలితాలొచ్చిన రోజు వీధంతా స్వీట్లు పంచారు. ఆప్షన్ల తేదీలు వచ్చేసరికి ఆ ఇంట్లో ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు.

ఒక్కో కాలేజీలో ఐదారు బ్రాంచీలు. కంప్యూటర్ సైన్స్ ఒక్కటే నాలుగు రకాలు: మామూలుది, ఏఐతో కలిసింది, డేటా సైన్స్‌ది, సైబర్ సెక్యూరిటీది. వాళ్ల నాన్న కిందటేడు చివరి ర్యాంకుల పట్టిక ప్రింటు తీయించి, స్కేలు పెట్టి ఎర్ర పెన్నుతో గీతలు గీశాడు. డల్లాస్ నుంచి బాబాయి ఫోన్ చేసి బ్రాంచి ముఖ్యమన్నాడు. వరంగల్ నుంచి మేనమామ కాలేజీ ముఖ్యమన్నాడు. మొత్తం 160 ఆప్షన్లు ఎక్కించారు. ఆఖరి రోజు రాత్రి పదకొండింటికి కూడా ఏడో నంబరుది పైకా, ఎనిమిదోది పైకా అని తండ్రీ కొడుకులు వాదించుకుంటుంటే, తల్లి గుమ్మంలో నిలబడి "ఆ ఫ్రీజ్ ఏదో నొక్కేయండి ఇంక" అని కళ్లు తుడుచుకుంది.

పన్నెండో ఆప్షన్‌లో సీటు వచ్చింది. మంచి కాలేజీ, అడిగిన బ్రాంచి. అయినా రెండు రోజుల తర్వాత మెట్ల మీద దిగాలుగా కూర్చుని, "ఆంటీ, ఆ ఏడూ ఎనిమిదీ అటూ ఇటూ మార్చి ఉంటే ఇంకా మంచిది వచ్చేదేమో" అన్నాడు.

పక్కన కూర్చుని లెక్క చెప్పాను. "నాన్నా, పన్నెండోది వచ్చిందంటే పైనున్న పదకొండింటిలో ఏదీ నీ ర్యాంకుకు అందలేదనే కదా అర్థం. ఆ పదకొండింటినీ ఏ వరసలో పెట్టినా నీకు ఈ సీటే వచ్చేది." కాసేపు ఆలోచించి తల ఊపాడు. ఇల్లంతా నిద్ర మానుకుని కొట్టుకున్న ఆ ఏడూ ఎనిమిదీ అసలు దేన్నీ మార్చలేదు. వాడి సంతోషాన్ని మాత్రం తినేశాయి.

ఆప్షన్లు ఎక్కువైతే మనిషికి జరిగేది ఇదే. నష్టం చేతికొచ్చిన వస్తువులో కాదు, వదిలేసిన వాటి తలపుల్లో ఉంటుంది.

ఈ విషయం మీద బాగా పేరు పొందిన ప్రయోగం జామ్ సీసాలది. షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో ఒక పెద్ద కిరాణా స్టోర్‌లో రుచి చూసే బల్ల వేశారు. కొన్ని గంటలు 24 రకాల జామ్‌లు, కొన్ని గంటలు ఆరు రకాలు పెట్టారు. 24 రకాలున్నప్పుడు అటుగా వెళ్లేవాళ్లలో నూటికి 60 మంది ఆగారు, ఆరే ఉన్నప్పుడు 40 మంది. కానీ ఆగినవాళ్లలో ఎంతమంది కొన్నారో చూడండి. 24 రకాల బల్ల దగ్గర నూటికి ముగ్గురు, ఆరు రకాల బల్ల దగ్గర నూటికి 30 మంది. 2000లో అచ్చయిన ఈ పరిశోధనను నాలుగేళ్ల తర్వాత బారీ ష్వార్ట్జ్ తన పుస్తకంలో మరింత మందికి చేర్చాడు. అప్పటి నుంచి "తక్కువ ఆప్షన్లే మేలు" అనేది వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో మంత్రంలా మారింది.

నేను ఆ మంత్రాన్ని పూర్తిగా ఒప్పుకోను. 2010లో కొందరు పరిశోధకులు ఇలాంటి 50 ప్రయోగాలను ఒకచోట చేర్చి లెక్క వేస్తే, సగటున ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. కొన్నిచోట్ల ఎక్కువ ఆప్షన్లు చెరుపు చేశాయి, కొన్నిచోట్ల మేలే చేశాయి. 2015లో ఇంకొందరు ఆ తేడా ఎక్కడొస్తుందో వెతికారు. ముందే తనకేం కావాలో తెలియని మనిషిని ఎక్కువ ఆప్షన్లు కంగారు పెడతాయనేది వాళ్లకు కనిపించిన కారణాల్లో ఒకటి. ఆవకాయ రుచి తెలిసినవాడి ముందు పది జాడీలు పెట్టినా తికమకపడడు, ఒకటి వాసన చూసి తీసుకుపోతాడు.

దీన్ని నాకు పుస్తకాల కంటే ముందు నేర్పింది ఒక చీరల కొట్టు సేల్స్‌మన్. మా ఆడపడుచు కూతురి పెళ్లికి పట్టుచీరలు కొనడానికి ఏడుగురం వెళ్లాం. తెల్లటి దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చోబెట్టారు. మొదటి కుర్రాడు ఉత్సాహవంతుడు. అడిగినవీ అడగనివీ ఒకదాని మీద ఒకటి విప్పి పరిచాడు. గంటన్నరకి మా ముందు మోకాలెత్తు గుట్ట. పెళ్లికూతురు మొదట ముచ్చటపడిన చీర ఆ గుట్ట అడుగున ఎక్కడో ఉండిపోయింది. ఒకరికి అంచు పెద్దదైంది, ఒకరికి పల్లూ నచ్చలేదు, ఇంకొకరికి రంగు ఫోటోలో వెలవెలబోతుందేమోనని అనుమానం. ఎంచబోతే మంచమంతా కంతలే అన్నట్టు, ప్రతి చీరా పక్క చీర వల్ల తీసికట్టుగా కనిపించింది. లేచి ఇంకో కొట్టుకు పోదామనుకున్నాం.

అప్పుడు తలనెరిసిన సేల్స్‌మన్ ఒకాయన వచ్చి కూర్చున్నాడు. ఒక్క చీర కూడా కొత్తగా తీయలేదు. పెళ్లికూతురి వైపు తిరిగి, "అమ్మా, ఎంతలో అనుకుంటున్నారు? ముహూర్తం పగలా, రాత్రా? మీకు ఇష్టం లేని రంగు ఏదన్నా ఉందా?" అని మూడు ప్రశ్నలు వేశాడు. సమాధానాలు వింటూనే గుట్టలోంచి ఒక్కొక్కటే తీసి, మడతపెట్టి, వెనక్కి పెట్టేస్తున్నాడు. పది నిమిషాల్లో మూడు మిగిలాయి. వాటిలో ఒకటి పిల్ల భుజం మీద వేసి అద్దం ముందు నిలబెట్టాడు. మిగతావి అప్పటికే బీరువాలోకి వెళ్లిపోయాయి. ఆ చీరే తీసుకున్నాం.

ఆయన పనితనం చూడండి. చూపించడానికి ముందు అడగాల్సింది అడిగాడు. వద్దన్నవాటిని కంటికి కనిపించకుండా చేశాడు. ఈ రెండూ మనకు మనం చేసుకోవాల్సిన పనులే, ఎవరూ వచ్చి చేసిపెట్టరు. ఫోన్ కొనాలంటే ముందు యాప్ తెరవకండి. ఒక కాగితం తీసుకుని ఎంతలో, దేనికి, ఏది లేకపోతే కుదరదు అనే మూడు మాటలు రాయండి. ఇల్లు అద్దెకు చూసినా, ఉద్యోగం మారినా, పెళ్లి సంబంధాలు వెతికినా అంతే. సరుకు చూశాక కొలత పెట్టుకుంటే, సరుకు మారినప్పుడల్లా కొలతా మారిపోతుంది.

ఇంకొక చిక్కు ఉంది, దాన్ని మనం పట్టించుకోం. దూరదర్శన్ ఒక్కటే ఉన్న రోజుల్లో శుక్రవారం చిత్రలహరి కోసం ఇల్లంతా పనులు ముగించుకుని కూర్చునేది. పాటలు బాగుంటే ఆనందం. బాగుండకపోతే దూరదర్శన్‌ను నాలుగు మాటలని పడుకునేవాళ్లం. తప్పు వాళ్లది. ఇప్పుడు ఓటీటీలో నలభై నిమిషాలు వెతికి పెట్టుకున్న సినిమా బాగుండకపోతే తప్పు ఎవరిది? ఎంచుకున్నది నేనే కదా. ఆప్షన్లు పెరిగిన కొద్దీ ప్రతి చిన్న నిరాశా మన తెలివితక్కువతనం ఖాతాలో పడుతోంది. నేటి పిల్లలు ఊరికే నీరసపడుతున్నారని కసురుకునే పెద్దలు ఈ బరువును కాస్త అర్థం చేసుకోవాలి. వాళ్ల వయసులో మన నెత్తిన ఇది లేదు.

అలాగని పాతకాలమే నయం అంటే మాత్రం నేను ఊరుకోను. ఐదో తరగతి అయ్యాక చదువుతావా అని మా అమ్మమ్మను ఎవరూ అడగలేదు. పెళ్లికొడుకు ముఖాన్ని ఆవిడ చూసింది పీటల మీద అడ్డుతెర తీశాకే. ఆవిడ సర్దుకుపోయింది, తొమ్మిది పదులు బతికింది, కానీ మా పుస్తకాల సంచులు సర్దుతూ ఒక్కోసారి ఏదో ఒక పుస్తకం ఒడిలో పెట్టుకుని అట్ట నిమురుతూ ఉండిపోయేది. ఆ చేయి నాకు గుర్తుంది. ఎంచుకునే హక్కు లేని బతుకును సంతోషం అని నాతో ఎవరూ అనిపించలేరు. ఇప్పటికీ వెబ్ ఆప్షన్లు ఏం పెట్టావమ్మా అంటే, "నాన్నే పెట్టారు, నాకు తెలీదు" అనే ఆడపిల్లలు ఉన్నారు. వాళ్లకు "ఆప్షన్లు తగ్గించుకో" అని పాఠం చెప్పడం అన్యాయం.

ఎంచుకోవడం మనిషికి ఎంత అవసరమో 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అమెరికాలోని కనెక్టికట్‌లో ఒక వృద్ధుల ఆశ్రమంలో చూపించారు. ఒక అంతస్తులోని పెద్దవాళ్లకు తలా ఒక మొక్క ఇస్తామని, కావాలో వద్దో, కావాలంటే ఏది కావాలో వాళ్లనే చెప్పమన్నారు. నీళ్లు వాళ్లనే పోసుకోమన్నారు. సినిమా ఏ రోజు చూస్తారో వాళ్లనే తేల్చుకోమన్నారు. ఇంకో అంతస్తులో మొక్కను సిబ్బందే ఇచ్చి, వాళ్లే నీళ్లు పోశారు, సినిమా రోజు కూడా వాళ్లే చెప్పారు. మూడు వారాలకే మొదట చెప్పిన అంతస్తువాళ్లు ఎక్కువ హుషారుగా, ఎక్కువ సంతోషంగా కనిపించారు. తేడా ఒక మొక్క, ఒక సినిమా. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇది ఈ రోజే పాటించండి. దుప్పటి రంగు, టిఫిను, గుడికి వెళ్లే వేళ వాళ్లను అడగండి. అన్నీ మీరే అమర్చిపెట్టడం ప్రేమే కావచ్చు, అది వాళ్లను కుర్చీలో కూలేసే ప్రేమ.

అడిగే తీరు కూడా ముఖ్యం. "ఏం కూర చేయమంటారు?" అంటే ఏ ఇంట్లోనైనా వచ్చే జవాబు "ఏదో ఒకటి". "బీరకాయా, దొండకాయా?" అని అడగండి, వెంటనే జవాబొస్తుంది, తినేటప్పుడు సణుగుడూ తగ్గుతుంది. మూడేళ్ల పిల్లకి బీరువా తెరిచి చూపించకుండా రెండు గౌన్లు చూపించినా అంతే.

ఇక "చాలు" అనే మాట దగ్గరకు వద్దాం. హెర్బర్ట్ సైమన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1950ల్లోనే ఒక సంగతి చెప్పాడు. మనిషి అన్ని దారులూ వెతికి అత్యుత్తమమైనదాన్ని పట్టుకోలేడు, తనకు సరిపోయేది కనబడగానే ఆగుతాడు, ఆగాలి కూడా. 1978లో ఆయనకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఆలోచన పట్టుకునే 2006లో అయ్యంగార్, ష్వార్ట్జ్, మరొకరు కలిసి ఉద్యోగాలు వెతుక్కుంటున్న కాలేజీ విద్యార్థులను గమనించారు. "అన్నిటికన్నా మంచిదే కావాలి" అనుకునే రకం పిల్లలకు మిగతావాళ్ల కంటే 20 శాతం ఎక్కువ జీతం వచ్చింది. కానీ ఆ ఉద్యోగంతో వాళ్లకే తృప్తి తక్కువ, దిగులు ఎక్కువ. మన ఇళ్లలో ఈ రకం పిల్లలను "పట్టుదల ఉన్నవాడు" అని మెచ్చుకుంటాం. పనిలో పట్టుదల వేరు. ఎంపికలో పట్టుదల జీతంలో కలిసొచ్చినా నిద్రలో పోతుంది.

మరి ఎంచుకున్నాక? అసలు కష్టం ఇక్కడే ఉంది. డేనియల్ గిల్బర్ట్, జేన్ ఎబర్ట్ 2002లో ఒక ముచ్చటైన ప్రయోగం ప్రచురించారు. హార్వర్డ్ విద్యార్థులకు ఫోటోగ్రఫీ నేర్పి, వాళ్లు తీసిన ఫోటోల్లో రెండింటిని పెద్దవిగా ప్రింటు వేయించారు. ఒకటి ఉంచుకోవాలి, ఒకటి ఇచ్చేయాలి. కొందరికి "ఇదే ఆఖరు, మార్చుకోవడానికి లేదు" అన్నారు. కొందరికి "కొన్ని రోజుల్లోపు మనసు మారితే మార్చుకోవచ్చు" అన్నారు. మార్చుకోవడానికి లేనివాళ్లకు తమ ఫోటో బాగా నచ్చింది. మార్చుకోవచ్చన్నవాళ్లకు అంతగా నచ్చలేదు. చిత్రమేమిటంటే, ఏ పద్ధతి కావాలని ముందే అడిగితే ఎక్కువమంది మార్చుకునే వీలున్నదే కావాలన్నారు. తలుపు తెరిచి ఉంటే ధైర్యం అనుకుంటాం. మనసు మాత్రం ఆ తెరిచిన తలుపు దగ్గరే కాపలా కూర్చుంటుంది, ఇంట్లోకి రాదు.

అందుకే పెద్ద ప్రమాదం లేకపోతే తలుపు మూసేయండి. ఫోన్ కొన్నాక దాని రివ్యూలు చూడటం ఆపండి. బట్టలు కొన్నాక విష్‌లిస్టు చెరిపేయండి. రిటర్న్ గడువు ఆఖరి రోజు దాకా ట్యాగు కత్తిరించకుండా దాచే అలవాటు ఉంటే, వచ్చిన రోజే వేసుకుని చూసి, సరిపోతే ట్యాగు కత్తిరించి, అదే రోజు వేసుకోండి. స్థలం కొన్నాక పక్క వెంచర్‌లో గజం ఎంతని ఆరా తీయకండి. సలహా అడగదలిస్తే ఆ పని చేసిన ఇద్దరిని అడగండి, పదిమందిని అడిగితే పది కొత్త ఆప్షన్లు ఇంటికొస్తాయి. మనల్ని అవమానించే ఉద్యోగం, కొట్టే మొగుడు, మోసం చేసే భాగస్వామి, ఇవి ఈ లెక్కలోకి రావు. అక్కడ మాత్రం తలుపు తెరిచే ఉండాలి, అవసరమైతే బద్దలు కొట్టాలి.

ఈసారి ఆప్షన్లు పెట్టబోయే ఇళ్లకు నాదొక మనవి. మొదటి రోజు పిల్లాడి చేతికి కాగితం ఇచ్చి, ఎంత దూరం, ఎంత ఫీజు, ఏ బ్రాంచి అయితే నాలుగేళ్లు చదవగలడు అనేవి వాడి రాతలోనే రాయించండి. ఆ కాగితాన్ని కంప్యూటర్ పక్కన గోడకు అంటించండి. తర్వాతే పట్టికలు తీయండి. నిజంగా చేరాలనుకున్నవే మనసారా వరస పెట్టండి. ర్యాంకు మీద అనుమానం ఉంటే కింద ఇంకా ఎన్ని చేర్చినా పరవాలేదు, వాటి వరస కోసం నిద్ర మానుకోకండి. గడువు ఆఖరి రాత్రి దాకా ఆగకుండా ఒక రోజు ముందే ఫ్రీజ్ చేసి, ఆ ఎర్ర గీతల ప్రింటు చించేయండి. మర్నాడు పిల్లాణ్ణి ఆడుకోవడానికి పంపండి, పరీక్షల పేరుతో వాడు ఆట మానేసి రెండేళ్లయింది.