దారి కాచిన బురుజులు

శత్రువులు ఒక నిర్ణీత మార్గంలో వరుసలు వరుసలుగా నడిచి వస్తారు. ఆ మార్గం ప్రక్కన ఉన్న ఖాళీ స్థలాలలో బురుజులు నిర్మించి వారిని నిలువరించాలి. గుప్పెడు బంగారంతో మొదలుపెట్టి, హతుడైన ప్రతి శత్రువు వల్ల లభించే బంగారంతో మరిన్ని బురుజులు కట్టుకోవాలి. 'టవర్ డిఫెన్స్' అనే వీడియో ఆటల శాఖకు మూలసూత్రం ఇంతే. ఈ శాఖలో మిక్కిలి ప్రసిద్ధి పొందినది 'కింగ్‌డమ్ రష్'. దక్షిణ అమెరికా ఖండంలోని ఉరుగ్వే దేశానికి చెందిన ఐరన్‌హైడ్ అనే చిన్న సంస్థ 2011లో దీనిని రూపొందించింది. 2013లో దీని రెండవ భాగం 'ఫ్రాంటియర్స్' వెలువడింది. గ్రంథాలను విమర్శించినట్లే ఆటలను కూడా గుణదోష విచారణ చేయవచ్చు. ఆ విచారణకు ఈ రెండవ భాగం చక్కగా తగినది.

మొదటి భాగంలోని చట్రాన్ని రెండవ భాగం మార్చలేదు. విలుకాండ్రు, సైనిక శిబిరం, మాంత్రికుడు, ఫిరంగి అనే నాలుగు విధాల బురుజులే ఇక్కడా ఉన్నాయి. అయితే ప్రతి బురుజూ చివరి దశలో రెండు రూపాలుగా చీలుతుంది. ఆ ఎనిమిది రూపాలూ కొత్తవి. ఏ రూపాన్ని ఎన్నుకోవాలన్నది స్థలాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. సైనికులు శత్రువును ఒకచోట ఆపితేనే ఫిరంగి గుండు వ్యర్థం కాదు. కనుక మలుపు దగ్గర ఒక శిబిరం, దానిని చూసే ఎత్తున ఒక ఫిరంగి ఉండాలి. బంగారం చేతిలో ఉన్నదని కనబడిన చోటల్లా కట్టినవాడు ఓడిపోతాడు. నేల విలువను ఇంత స్పష్టంగా బోధించే ఆటలు అరుదు. అందులోనూ ఇక్కడి నేల ఊరకే పడి ఉండదు. ఎడారి ఘట్టంలో ఇసుకలో నుండి భయంకరమైన పురుగు పైకి లేచి సైనికులను మింగివేస్తుంది.

వీరపాత్రల విషయంలో కూడా ప్రగతి కనిపిస్తుంది. తొలి భాగంలో వీరుడు ప్రతి యుద్ధాన్నీ మొదటి మెట్టు నుండి ఆరంభించేవాడు. రెండవ భాగంలో అతడు ఆర్జించిన అనుభవం తరువాతి యుద్ధానికి వెంట వస్తుంది. కాని సెల్‌ఫోన్‌లో ఆడేవారు చాలామంది వీరులను విడిగా డబ్బు పెట్టి కొనుక్కోవలసి ఉంటుంది. ఆట వెల చెల్లించిన తరువాత కూడా ఇలా చేయి చాపడం ఔచిత్యం కాదు. మొదటి భాగాన్ని బాగుగా ఆడినవారికి సగం పాఠం ముందే వచ్చినట్లుండటం మరొక లోపం. దీనిని క్షమించవచ్చు.

క్షమించడానికి కష్టమైన లోపం అడవి ఘట్టంలో ఉన్నది. ఎడారి దాటిన తరువాత ఆటగాని సేన అరణ్యంలో ప్రవేశిస్తుంది. అక్కడ ఎదురు వచ్చేవారు ఈటెలు పట్టిన అటవీ జనులు, వారి మంత్రగాళ్ళు. ఆట వారికి పెట్టిన పేరు 'సావేజ్'. అనాగరికుడు అని దాని అర్థం. విచిత్రమేమిటంటే, గొడ్డళ్ళు విసిరే అటవీ వీరుల బురుజు ఒకటి ఆటగానికి కూడా లభిస్తుంది. కూలికి కుదిరితే అడవివాడు యోధుడు, కుదరకపోతే అనాగరికుడు!

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని కొయ్యూరు వంటి చోట పుట్టిన విద్యార్థికి ఈ ఘట్టం మరొక విధంగా తోస్తుంది. ఆ మన్యంలో దారులు గీసినవారు, వాటి వెంట కాపు పెట్టినవారు ఎవరు? 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయాన్ని అడ్డుకున్నది. నర్సీపట్నం నుండి లంబసింగి మీదుగా వేసిన బాటకు గిరిజనుల చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించారు. ఆటలో దారి ఆరంభం నుండే గీసి ఉంటుంది. దానిని ఎవరి చెమటతో వేశారన్న ప్రశ్న అక్కడ పుట్టదు. మన్యంలో తిరుగుబాటుకు ఆ బాటే ఒక కారణమైనది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసి తుపాకులు తీసుకుపోయింది. ఆట పరిభాషలో చెప్పవలెనంటే అవి మూడు బురుజులు. బురుజులు ప్రభుత్వానివి, ఎదురు వచ్చినవారు అడవివారు.

నెల తిరిగేసరికి పాత్రలు తారుమారైనాయి. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో మన్యం వీరులు చెట్ల చాటున పొంచి, ముందు నడిచిన దళాన్ని పోనిచ్చి, వెనుక వచ్చిన ఆంగ్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను హతమార్చారు. ఇరుకైన మలుపు, ఎత్తైన స్థలం, తగిన అదను — ఆట బోధించే మూడు మెలకువలూ అక్కడ ఉన్నాయి. అయితే ఆటగాడు రణరంగాన్నంతటినీ పైనుండి ఒక్క చూపులో చూడగలడు. కనుమలో నడిచే సిపాయికి ముందున్న వంపు తప్ప ఏమీ కనబడలేదు. ఆ పోరాటం 1924 మే 7న కొయ్యూరులో సీతారామరాజును కాల్చి చంపడంతో నాయకుణ్ణి కోల్పోయింది. ఆటలో వలె మళ్ళీ మొదటినుండి ఆరంభించే వీలు అక్కడ లేదు.

మన పల్లెల పులిజూదం ఈ సందర్భంలో గుర్తుకు రాక మానదు. మూడు పులులు, పదిహేను మేకలు, అరుగు మీద సున్నంతో గీసిన గళ్ళు. ఒక ఆట ముగియగానే ఇద్దరూ పక్షాలు మార్చుకుంటారు. ఇంతకు ముందు మేకలను తిన్నవాడు ఇప్పుడు పులి వాత పడకుండా వాటిని నడపాలి. ఎదుటివాని ఇబ్బంది తనకు తెలిసివస్తుంది. ఫ్రాంటియర్స్‌లో ఆ అవకాశం లేదు. అడవి జనుల పక్షాన కూర్చుని ఒక్క ఎత్తయినా వేయలేము.

ఐరన్‌హైడ్ సంస్థ 2018లో వెలువరించిన 'వెంజెన్స్' అనే భాగంలో పక్షం మారింది. మొదటి ఆటలో ప్రతినాయకుడైన వెజ్‌నాన్ అనే మాంత్రికుని పక్షాన నిలిచి, రాజ్యం మీదకే దండెత్తవచ్చు. అయినా బురుజులు అక్కడ కూడా ఆటగానివే. దారి వెంట నడిచి వచ్చి నేల కూలేవారు మాత్రమే మారారు.