ఆకాశ మార్గాన వచ్చే అతిథి - సుంకపు కట్టుబాట్లు

"సొంత విమానమే ఉన్నవాడికి కస్టమ్స్ వాళ్ళతో ఏం పని సార్? ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ దిగుతాడు గదా!" అని మొన్న ఒక విద్యార్థి నన్ను అడిగాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను గాని, ప్రశ్న మాత్రం నవ్వి వదిలేసేది కాదనిపించింది. రోడ్డుకు నాకా పెట్టవచ్చు. రేవుకు కావలి పెట్టవచ్చు. నాలుగు దిక్కులా తలుపులు తెరిచి ఉన్న ఆకాశానికి ఎవరు కావలి కాస్తారు? ఈ ప్రశ్నకు చట్టం చెప్పిన జవాబు చాలా తేలికగా కనబడుతుంది. ఆ జవాబు వెనుక మన ఓరుగల్లు చరిత్ర కూడా కొంత ఉన్నదని మిత్రులకు తెలుపడానికే ఈ చిన్న వ్యాసం.

చట్టం ఆకాశాన్ని కావలి కాయదు, దిగేచోటును నిర్ణయిస్తుంది. విమానం ఎంతసేపు ఎగిరినా ఎప్పుడో ఒకప్పుడు నేలకు దిగక తప్పదు గదా! 1944 డిసెంబరు 7న చికాగోలో కుదిరిన అంతర్జాతీయ పౌర విమానయాన ఒడంబడికలో 10వ అధికరణం ఈ సంగతే చెబుతుంది. పరదేశం నుండి వచ్చే విమానం, ఆ దేశం కోరితే, కస్టమ్స్ తనిఖీకై నిర్ణయించిన విమానాశ్రయంలోనే దిగాలి. తిరిగి పోయేటప్పుడు కూడా అట్లాంటి చోటు నుండే లేవాలి. టిక్కెట్లమ్మే పెద్ద కంపెనీ విమానమైనా, ఒక షావుకారు తన కుటుంబంతో వచ్చిన ఆరు సీట్ల విమానమైనా ఈ నియమంలో తేడా లేదు.

ఈ పద్ధతి చక్కగా అర్థం కావాలంటే ఒక ద్వీప దేశాన్ని తీసుకోవడం మంచిది. మన తెలుగువాళ్ళకు బంధుత్వమున్న మారిషస్‌నే చూద్దాం. ముఖ్య ద్వీపానికి చేరే అంతర్జాతీయ విమానాలకు ద్వారం ప్లేజాన్స్ వద్ద ఉన్న విమానాశ్రయం ఒక్కటే. సొంత విమానంలో పోదలచినవాడు ముందుగా అనుమతి అడగాలి. ఏ విమానం, ఏ దేశపు రిజిస్ట్రేషను, ఎవరెవరు వస్తున్నారు, ఎప్పుడు చేరుతారు అన్నీ తెలపాలి. సముద్రం మీద గంటల తరబడి ఎగిరి, పెట్రోలు అడుగంటే వేళకు చేరి, అప్పుడు "దిగవచ్చునా?" అని అడిగితే ఎట్లా? ద్వీపానికి పక్క ఊరు ఉండదు. అందుకే కాగితం పని విమానం కంటె ముందే చేరుకోవాలి.

దిగిన తర్వాత పైలెట్ తన చేతిలో ఉంచుకోవలసిన ముఖ్యమైన కాగితం జనరల్ డిక్లరేషన్ అనేది. ఒకే ఒక పేజీ. విమానం గుర్తు, ఎక్కడ నుండి బయలుదేరింది, సిబ్బంది పేర్లు, ప్రయాణికుల సంఖ్య, దారిలో ఎవరికైనా జబ్బు చేసిందా, పురుగుల మందు ఎప్పుడు ఎక్కడ కొట్టారు - ఇవన్నీ అందులో రాసి సంతకం చేయాలి. దానితోబాటు సరుకుల జాబితా, విమానపు రిజిస్ట్రేషను పత్రం, ఎగరడానికి యోగ్యమైనదన్న సర్టిఫికెట్టు, పైలెట్ లైసెన్సు, ప్రయాణపు లాగ్ పుస్తకం. ట్యాంకులో మిగిలిన ఇంధనానికి, విమానంలోనే ఉండి విమానంతోనే తిరిగిపోయే విడిభాగాలకు సుంకం ఉండదని 24వ అధికరణం దయతలచింది. అయితే, విమానం కూడా చట్టం దృష్టిలో ఒక సరుకే! తిరిగి తీసుకుపోతానన్న షరతు మీద దాన్ని లోపలికి రానిస్తారు. అక్కడే అమ్ముకుంటే అది దిగుమతి అవుతుంది, సుంకం పడుతుంది. ఈ సంగతి చెప్పినప్పుడు మా విద్యార్థులు మళ్ళీ నవ్వారు. "ఎక్కి వచ్చిన గుర్రానికి కూడా పన్నా సార్?" అన్నాడొకడు. గుర్రాలకు పన్ను కట్టిన దేశమే మనది, ఆ మాట తర్వాత చెబుతాను.

పురుగుల మందు సంగతి కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. ద్వీపానికి సముద్రమే ప్రహరీగోడ. ఆ గోడ వల్లనే అక్కడికి రాని దోమలు, చీడలు, తెగుళ్ళు ఎన్నో. ఒక్క మామిడి పండులో దాగిన పురుగు, ఒక్క చెరకు ముక్కలోని తెగులు లోపలికి చేరితే, చెరకు మీదనే చాలాకాలం బ్రతికిన దేశం ఏమైపోతుంది? అందుకే అక్కడి అధికారికి తుపాకి ఎంతో, అవ్వ కట్టి ఇచ్చిన విత్తనాల మూట కూడా అంతే. విత్తనాల మూటతో వచ్చినవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ అనుకుంటాను!

పందొమ్మిదో శతాబ్దంలో కోరంగి రేవు నుండి ఓడలెక్కి మారిషస్ చేరిన తెలుగు కూలీలను అక్కడ కోరంగీలు అనేవారు. పోర్టు లూయీ రేవులో వాళ్ళు దిగిన మెట్లు, నిలబెట్టిన గదులు నేటికీ ఉన్నవి. ఆప్రవాసీ ఘాట్ పేరుతో 2006లో యునెస్కో వారసత్వ స్థలమైంది. అంటువ్యాధి అనుమానం ఉన్న ఓడల జనాన్ని విడిగా ఉంచేవారు. ఎవరు నువ్వు? ఎక్కడి నుండి వచ్చావు? జబ్బు ఉన్నదా? వెంట ఏమున్నది? - ఆనాడు గోచీతో దిగిన కూలీకి, ఈనాడు నల్లద్దాలు పెట్టుకుని సొంత విమానం దిగే దొరకు ప్రశ్నలు మాత్రం ఇవే. జవాబు చెప్పడానికి కూర్చోబెట్టే కుర్చీలో తేడా ఉండవచ్చు.

ఇక మన దేశపు చట్టానికి వద్దాం. 1962 నాటి కస్టమ్స్ చట్టంలో 7వ సెక్షను కింద ప్రభుత్వం కొన్ని విమానాశ్రయాలను కస్టమ్స్ విమానాశ్రయాలుగా ప్రకటిస్తుంది. 29వ సెక్షను ప్రకారం విదేశం నుండి వచ్చే విమానం మొదట దిగవలసినది వాటిలోనే. సరుకుల జాబితా ఇప్పుడు విమానం చేరకముందే అందాలి. దీనికంతటికీ బాధ్యుడు విమాన కంపెనీ కాదు, యజమాని కూడా కాదు; విమానాన్ని నడుపుతున్న పైలెట్. చట్టం అతణ్ణి ఓడకు కెప్టెన్‌ను చూసినట్లే చూస్తుంది. మన గగనతలంలో అడుగుపెట్టడానికి వైమానిక రక్షణ వారి క్లియరెన్సు నెంబరు వేరే ఉండాలి. అది లేకుండా వచ్చే విమానానికి ఎదురు వచ్చేది కస్టమ్స్ గుమాస్తా కాదు, యుద్ధవిమానం.

నాకు ఈ చట్టంలో అన్నింటికంటె నచ్చిన భాగం 29వ సెక్షనులోని రెండో ఉపవిభాగం. గాలివాన వల్లనో, ఇంజను చెడిపోయో, మరో తప్పించుకోలేని కారణం చేతనో విమానం నియమించిన చోట కాక మరొకచోట దిగవలసి వస్తే అది నేరం కాదు. పైలెట్ వెంటనే దగ్గరలోని కస్టమ్స్ అధికారికో, పోలీసు స్టేషను అధికారికో కబురు చేయాలి. అడిగితే లాగ్ పుస్తకం చూపాలి. అనుమతి లేకుండా సరుకు దించకూడదు, మనుషులు అక్కడి నుండి కదలకూడదు. అయినా ప్రాణానికో, ఆరోగ్యానికో, వస్తువుల రక్షణకో అవసరమైతే కదలవచ్చును. జనగామ పక్కన పత్తి చేనులో పరదేశపు విమానం దిగిందనుకోండి; ఆనాటికి భారత ప్రభుత్వమంటే ఆ ఊరి స్టేషను ఎస్సైగారే!

ఇదేమీ ఇంగ్లీషు వాళ్ళు మనకు నేర్పిన దయ కాదు. చీరాలకు సమీపాన సముద్రతీరంలో మోటుపల్లి ఉన్నది. మార్కో పోలో ముత్ఫిలి అని పిలిచిన రాజ్యానికి ఆ పేరు ఈ రేవు వల్లనే వచ్చింది. ఓరుగల్లు ప్రభువు కాకతి గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అనగా క్రీ.శ. 1244 ప్రాంతంలో, అక్కడ అభయ శాసనం వేయించాడు. అంతకు ముందు రాజులు తుఫానుకు చిక్కి దరికి కొట్టుకువచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ స్వాధీనం చేసుకునేవారట. ప్రాణాలకు తెగించి సముద్రం దాటే వర్తకుల మీద దయతో, నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా వదిలివేస్తున్నామని గణపతిదేవుడు ప్రకటించాడు. సుంకం ముప్పయింట ఒక వంతు. ఈ శాసనం గురించి పరీక్షకు రెండు మార్కుల ప్రశ్నగా మనం చదివి మరచిపోతాం. కాని అందులో ఒక గొప్ప విచక్షణ ఉన్నది. గాలికి కొట్టుకొచ్చినవాడు వేరు, దొంగతనంగా వచ్చినవాడు వేరు. ఒకడికి అభయం, మరొకడికి శిక్ష. ఏడు శతాబ్దాల తర్వాతి చట్టం కూడా ఆ గీతనే గీసింది.

దొంగతనంగా వచ్చినవాళ్ళ కథ కూడా మన గడ్డ మీద జరిగినదే. నిజాం రాజ్యం సుమారు 82 వేల చదరపు మైళ్ళ వైశాల్యంతో, సముద్రపు గాలి తగలకుండా, చుట్టూ ఇతరుల నేలతో ఉండేది. నీళ్ళు లేని ద్వీపమన్నమాట! దానికి తన సొంత సుంకపు శాఖ ఉండేది, కరోడ్‌గిరి అనేవారు. 1802లో ఇంగ్లీషు కంపెనీతో కుదిరిన వర్తక ఒప్పందం ప్రకారం నూటికి అయిదు వంతుల సుంకం. రైలు దిగిన మూటలు విప్పించే కరోడ్‌గిరి జవాన్లను గురించి పాతతరం వాళ్ళు చెప్పుకునేవారు. నేల మీద ఇంత కట్టుదిట్టం ఉండెను గాని ఆకాశం మాత్రం వేరేవాళ్ళ చేతిలో ఉండెను. ఏ దిక్కు నుండి విమానం వచ్చినా భారతదేశపు గగనతలం దాటి రావలసిందే.

1947 నవంబరు 29న యథాతథ ఒప్పందం అయింది. 1948లో దిగ్బంధం బిగిసింది. అప్పుడు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు రంగంలోకి వచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఆకాశం నుండి రహస్యంగా ఫోటోలు తీయడంలో ఆరితేరినవాడు. లాంకాస్టర్ బాంబరును పౌర అవసరాలకు మార్చిన లాంకాస్ట్రియన్ విమానాలలో అతడు కరాచీ నుండి రాత్రిపూట ఆయుధాలు చేరవేశాడు. అవి దిగిన చోట్లుగా బీదరుతోబాటు మన వరంగల్లు పేరు కూడా ఆనాటి కథనాలలో వినబడుతుంది. చికాగో ఒడంబడిక 35వ అధికరణం ప్రకారం యుద్ధ సామగ్రిని ఏ దేశం మీదుగానైనా ఆ దేశపు అనుమతి లేనిదే తీసుకుపోరాదు. ఆ ఒడంబడికలో భారతదేశం ఉన్నది, బ్రిటన్ ఉన్నది. కాటన్ విమానాలు బ్రిటన్‌లో రిజిస్టరయినవి. కనుకనే చివరకు అతణ్ణి బోనెక్కించింది బ్రిటన్. పడిన శిక్ష? రెండువందల పౌన్ల జరిమానా!

1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో జరిగిన మారణకాండ తెలిసిన జిల్లా మనది. ఆ యేడు మన పల్లెలు తుపాకి చప్పుడుకు ఎట్లా వణికినవో ఇండ్లల్లో విన్నవాళ్ళకు ఆ రెండువందల పౌన్లు ఎంత చిన్న మొత్తమో వేరే చెప్పనక్కరలేదు. సరుకుల జాబితాలో ఒక గడి ఖాళీగా వదిలితే ఏమవుతుందని అడిగే విద్యార్థికి నేను ఈ సంగతే చెబుతాను. సెప్టెంబరు 13న పోలీసు చర్య మొదలై, అయిదు రోజులలో ముగిసింది. కరోడ్‌గిరి కూడా క్రమంగా పోయింది.

కాగితాలన్నీ ఉన్నంత మాత్రాన అంతా సవ్యమనుకోరాదు. 1995 డిసెంబరు 17 రాత్రి పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా పల్లెల మీద ఒక ఆంటొనోవ్-26 విమానం నుండి తుపాకులు, తూటాలు గొడుగులకు కట్టి జారవిడిచారు. ఆ విమానం దొంగచాటుగా దేశంలో దూరలేదు. కరాచీ నుండి వచ్చి, వారణాసి విమానాశ్రయంలో దిగి, పెట్రోలు పోయించుకుని, ఆయుధాలతో సహా మళ్ళీ ఎగిరింది. నాలుగైదు రోజులకు అదే విమానం తిరుగు ప్రయాణంలో వస్తే బొంబాయిలో బలవంతంగా దింపారు. అప్పుడు కూడా ముఖ్యుడొకడు విమానాశ్రయం నుండే తప్పించుకుపోయాడు. దిగేచోటును చట్టం నిర్ణయించగలదు. దిగిన తర్వాత తలుపు తెరిచి లోపలికి తొంగిచూసే పని మాత్రం ఒక మనిషి చేయవలసిందే. ఒడంబడిక 16వ అధికరణం ఆ హక్కు ఇచ్చింది. హక్కు వేరు, ఓపిక వేరు.

ఇప్పుడు మామునూరు సంగతి. నిజాం కాలంలో 1930 ప్రాంతంలో ఏర్పడిన ఆ విమానాశ్రయం దశాబ్దాలుగా మూతబడి ఉన్నది. శంషాబాదుకు నూటయాభై కిలోమీటర్ల లోపల మరో విమానాశ్రయం రాకూడదన్న ఒప్పందం అడ్డు తొలగి, 2025లో కేంద్రం దాని పునరుద్ధరణకు ఆమోదం తెలిపింది. మంచిదే. అయితే మారిషస్‌లోని మన కోరంగీల మునిమనుమడెవరైనా రేపు సొంత విమానమెక్కి వేయి స్తంభాల గుడి చూడడానికి వస్తే, మామునూరు కొత్తగా మెరిసిపోతున్నా సరే, 7వ సెక్షను కింద దాని పేరు ప్రకటించనంత వరకు అతడు ముందు శంషాబాదు వంటి కస్టమ్స్ విమానాశ్రయంలోనే దిగాలి. అక్కడ ఆ ఒక్క పేజీ కాగితం మీద సంతకం చేసి, అడిగిన నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పి, ఆ తర్వాతనే ఓరుగల్లు దారి పట్టాలి.