పెరటి తేనెటీగలు - ఖాళీ పట్టుల సంరక్షణ

న్యూజెర్సీ రాష్ట్రం 1974లో తేనెటీగను తన రాష్ట్ర కీటకంగా స్వీకరించింది. పిస్కాటవేలో పెరటి కూరగాయలతో పాటు తేనెటీగలను కూడా సాకదలచిన తెలుగువారికి ఇది ముచ్చటైన విషయమే. అయితే తేనె తీసిన తరువాత మిగిలే ఖాళీ పట్టులను ఎలా దాచాలన్నది చాలమంది పట్టించుకోని ప్రశ్న. దానిని రసాయనశాస్త్ర దృష్టితో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

లాంగ్‌స్ట్రాత్ అనే మతాచార్యుడు ఫిలడెల్ఫియాలో 1851లో ఒక సంగతి గుర్తించాడు. చట్రాల చుట్టూ సుమారు 3/8 అంగుళం సందు వదిలితే ఈగలు దానిని పూడ్చవు. ఆ సూత్రంపై నిర్మించిన పెట్టెలో చట్రాలను పాడుచేయకుండా తీయవచ్చు, ఏటేటా తిరిగి వాడవచ్చు. ఒక కిలో మైనం తయారుచేయడానికి ఈగలు ఆరు నుండి ఎనిమిది కిలోల తేనె ఖర్చు చేస్తాయని అంచనా. కనుక ఖాళీ పట్టు వాటి మూలధనం.

ఆ మూలధనానికి శత్రువు మైనపు పురుగు. ఇది ఒక చిమ్మట పిల్ల. పిల్ల ఈగలు పెరిగిన నల్లని పట్టులంటే దీనికి మరీ ఇష్టం. ఆంధ్రదేశంలో వెచ్చదనం వల్ల దీని బెడద దీర్ఘకాలం ఉంటుంది. బెడద మితిమీరితే మన దేశవాళీ ఈగలు గూడు విడిచి లేచిపోతాయి. ఇక్కడ వేసవిలో తేనె తీసింది మొదలు మంచు పడే వరకు ప్రమాదకాలం.

చీరల పెట్టెలో వేసినట్లు కలరా ఉండలు వేస్తే చాలదా? చాలదు సరికదా, హాని. నాఫ్తలీను కొవ్వులో కరిగే పదార్థం; మైనం కొవ్వు జాతిది. గాలిలోకి లేచిన ఆవిరిని మైనం పీల్చుకొని, మరుసటి ఏడు తేనెకు అందిస్తుంది. జి6పిడి లోపమున్న పిల్లలలో నాఫ్తలీను ఎర్ర రక్తకణాలను ఛిద్రం చేయగలదు. పారాడైక్లోరోబెంజీను కూడా మైనంలోకి ఇంకేదే. మనం తినే తేనె నిలిచే పట్టులకు దానిని వాడరాదు.

మందు లేని మార్గం చలి. సున్నాకు దిగువ 15 డిగ్రీల సెల్సియస్ వద్ద రెండు గంటలలో గుడ్లతో సహా చిమ్మట నశిస్తుంది. పట్టు లోపలి దాకా చల్లబడాలి గనుక, ఇంటి ఫ్రీజరులో రెండు రోజులుంచడం మేలు. ముందుగా ప్లాస్టిక్ సంచిలో బిగించి, బయటికి తీశాక గది వేడికి వచ్చే వరకు సంచి విప్పరాదు. లేకుంటే తేమ పట్టి బూజు వస్తుంది. తరువాత మూతగల డబ్బాలో, వేడి లేని గరాజులో ఉంచాలి.

ఒక హెచ్చరిక. ఫౌల్‌బ్రూడ్ అనే తెగులు బీజాలు దశాబ్దాలు బ్రతుకుతాయి, చలికి చావవు. పూర్వచరిత్ర తెలియని పాత పెట్టెలను కొనకండి.

పనిముట్లకు అంటిన జిగురు చలికి పెళుసుబారుతుంది. శీతకాలంలో గీకితే సులభంగా రాలిపోతుంది. అక్టోబరులో ఎలుకలు దూరకుండా పెట్టె ద్వారం కుదించి, ఈగలకు సుమారు 60 పౌండ్ల తేనె వదలాలి. వసంతంలో ఆరబెట్టిన పట్టులను తిరిగి అందిస్తే, మైనానికి ఖర్చు కావలసిన తేనె మిగిలి మన ఇంటికి చేరుతుంది.