సీసాకు అంటించిన చీటీ

చిరంజీవి అమ్మడుకు తాతయ్య అనేకాశీస్సులతో వ్రాయునది.

దీపావళి వెళ్లిన మరునాడు నీవు వ్రాసిన ఉత్తరము నిన్న మధ్యాహ్నము చేరినది. ఫోనులో ఆడిన మాట గాలిలో కలియునని నేనెన్నడో అన్నదానిని మనసున నిలుపుకొని, ఈ కాలపు పిల్లవై యుండియు, కాగితముమీద కలము పెట్టి నాలుగు పుటలు నింపితివే, ఆ సంతోషములో మొదటిసారి చదివినప్పుడు నాకు మఱి యేమియు తోచలేదు. రాత్రి భోజనమైన పిదప మీ అమ్మమ్మకు బిగ్గరగా చదివి వినిపించుచుండగా మూడవ పుటలో ఒకచోట నా గొంతు ఆగిపోయినది. ఆమె కండ్లజోడు పైకెత్తి, "ఏమున్నది అక్కడ?" అని అడిగినది. "ఏమియు లేదు, అక్షరము తెలియలేదు" అని బొంకితిని. నీ దస్తూరి ముత్యాలకోవ యని ఆమెకు తెలియును గనుక నా బొంకు నిలువలేదు.

నీ మాటనే నీకు తిరిగి వ్రాయుచున్నాను. "ఊళ్లకెళ్లే బ్యాచిలోంచి నా పేరు తీయించేసుకున్నా తాతయ్యా, అక్కడంతా తెలుగులో చెప్పాలి, అది నా వల్ల కాదు; ఇంగ్లీషు పోస్టరులో చేరా, సర్టిఫికెట్టు కూడా ఇస్తారు." దీనికి తోడు మీ అమ్మ ఫోనులో గుసగుసగా చెప్పిన సంగతి యొకటి: నీవు మెస్సునుండి పళ్లెము గదికి తెచ్చుకొని ఒంటరిగా తినుచున్నావనియు, మీ తరగతివారు కార్తీక వనభోజనములకు పోవుచుండగా తలనొప్పి యని తప్పించుకొంటివనియు.

తల్లీ, మీ కళాశాలలో జరుగనున్నవన్నియు నీ ఉత్తరములో పట్టీ వేసినట్లు వ్రాసితివి. నవంబరు మూడవ వారమున జాతీయ ఫార్మసీ వారోత్సవములు, అందులో క్విజ్జు, వక్తృత్వము, ముగ్గులపోటీ, పోస్టర్లు, రక్తదానము, కడపట అందరును నిలువబడి చేయు ఫార్మసిస్టు ప్రతిజ్ఞ. 1926లో వెలసిన మీ విశ్వవిద్యాలయములో ఔషధశాస్త్రమును 1951లోనే ఆరంభించిరి. నేను నిక్కరు తొడిగి బడికి పోవుచున్న దినములవి. నాకు ఆ మెట్లెక్కు యోగము లేకపోయినది, నాది ఉత్త డిప్లొమా, కాంపౌండరు బ్రదుకు. కనుక నీవు అక్కడ చేరిననాడు మీ అమ్మమ్మ కంటె ముందు కంటతడి పెట్టినవాడను నేనే యని ఇప్పటికైనను ఒప్పుకొనుచున్నాను. ఇన్ని వేడుకలు నీ ముంగిట జరుగుచుండగా, వానిలో నాకు అన్నిటికంటె మిన్నగా తోచిన, మందుల సంగతి జనులకు చెప్పు ఊళ్ల జట్టునే ఏరి విడిచిపెట్టితివి.

సెప్టెంబరు 25న, ప్రపంచ ఫార్మసిస్టుల దినమున, మీరు బీచిరోడ్డున ఊరేగిన ఫొటోను మీ అమ్మ చూపినది. కురుసుర జలాంతర్గామి ముందర అందరును తెల్లచొక్కాలతో నిలిచితిరి. నీవు ఎడమవైపు కొసను, ఎండకు కన్ను చికిలించి యుంటివి, చిక్కిపోయితివి కూడను. ఆ ఫొటోను వ్రేళ్లతో పెద్దది చేసి చూచితిని. మీ వెనుక మొక్కజొన్నపొత్తులు కాల్చు ఒకామె విసనకర్ర చేత పట్టుకొని, మెడ చాచి మీ అట్టలను చూచుచున్నది. ఆమె చదువదగిన అక్షరము మీ అట్టలమీద గాని చొక్కాలమీద గాని ఒక్కటియు లేదు. ఆ ఊరేగింపు ఎవరికొఱకు, అమ్మడూ?

కోపపడుచున్నానని అనుకొనకుము. కోపము కాదు, భయము. ఆ భయమునకు కారణము నీకు ఇంతవరకు చెప్పలేదు. మీ అమ్మకు కూడ చెప్పలేదు.

నేను కొలువులో చేరిన రెండవ యేట, ఊరు పేరు వద్దులే, ఒక తాలూకా ఆసుపత్రిలో మందులగది కిటికీ వెనుక ఉంటిని. ఆ కాలమున మందు పుచ్చుకొనువారు సీసా తామే తెచ్చుకొనవలెను. సోడాబుడ్డి, నూనెసీసా, ఒక్కొక్కప్పుడు సారావాసన ఇంకను వదలని సీసా, ఏది దొరికిన అది కిటికీలోనుండి చాచెడివారు. పైపూత మందులకు మాత్రము వేరే సీసా ఇయ్యవలెనని మాకు గట్టిగా నేర్పిరి: ఒడలెల్ల చారలు తేలిన రంగుసీసా. చీకటిలో తడుముకొన్నను చేతికి గరుకుగా తగిలి, ఇది త్రాగునది కాదని వ్రేళ్లే చెప్పవలెనని దాని ఏర్పాటు. ఆ వారము ఆ సీసాలు నిండుకొన్నవి. ఒక ముసలామె మోకాళ్ల నొప్పికి వైట్ లినిమెంటును, మనుమని దగ్గుకు మిక్చరును చీటీలో ఉండగా, ఆమె తెచ్చిన రెండు నున్నని సీసాలలోనే రెండును పోసి యిచ్చితిని. లినిమెంటు సీసాకు చీటీ అంటింపక మానలేదు సుమా. ఎర్రసిరాతో, గుండ్రని ఇంగ్లీషు అక్షరములలో, పైకి మాత్రమే వాడవలెనని వ్రాసితిని. నా దస్తూరిని నేనే ఒకసారి మెచ్చుకొంటిని కూడ.

వైట్ లినిమెంటు నీకు పాఠములో వచ్చియే యుండును: టర్పెంటైను, ఓలియిక్ ఆసిడ్, అమ్మోనియా చిలికినచో గేదెపాలవలె తెల్లగా, చిక్కగా తేలును. ఆ రాత్రి దీపము వెలుతురులో ఆ ముసలామె పాలవలె ఉన్నదానిని పిల్లవానికి ఉగ్గుగిన్నెతో పోసినది. వాడు రెండవ గుక్కకే ఉక్కిరిబిక్కిరియై ఉమ్మివేసెను గనుక బ్రదికెను. వారు బండి కట్టుకొని వచ్చునప్పటికి అర్ధరాత్రి దాటినది. నోటిలో వ్రేలు పెట్టి కక్కింపబోయిన మేనమామను డాక్టరుగారు వారించి, టర్పెంటైను తిరిగి పైకి వచ్చునప్పుడు ఊపిరితిత్తులలోనికి జారినచో అదియే ఎక్కువ ప్రమాదమని చెప్పి, రెండు దినములు కన్నార్పక కాచుకొనిరి. నేనును ఆ మంచము ప్రక్క ముక్కాలిపీటమీద కూర్చుంటిని. తెల్లవారుజామున ఆ ముసలామె నన్ను చూచి తిట్టలేదు. చీటీని గోటితో గీకుచు, "బాబూ, ఈ ఎర్రటి రాత ఏమన్నది?" అని అడిగినది. నేను చెప్పితిని. "ఆ ముక్క నాతో నోటితో అనకపోతివా" అన్నది.

ఇంతే. నా మీద అర్జీ లేదు, విచారణ లేదు. ఆ మరునాటినుండి కొలువు విడుచువరకు నేనిచ్చిన ప్రతి సీసామీదను తెలుగు చీటీ ఉండెను. సీసా చేతికిచ్చుటకు ముందు, ఏది ఎప్పుడు వేసికొందువో నీ నోట చెప్పుమని అడిగెడివాడను. వెనుకనున్న వరుస గొణిగెడిది. ఒక అధికారి, నేను కాలహరణము చేయుచున్నానని కాగితము కూడ పంపెను. ఆ కాగితము ఇంకను నా పెట్టెలో ఉన్నది.

తెలుగులో చెప్పుట నా వల్ల కాదంటివి. ఏది కాదు? పరగడుపున అను ఒక్కమాటకు మీ ఇంగ్లీషులో ఎన్ని మాటలు పోగుచేయవలెనో లెక్కించుము. పైపూత, పుక్కిలింత, పట్టు, పథ్యము, పూటకొకటి, అనుపానము: ఈ మాటలన్నియు అమ్మలక్కల నోట నలిగి నున్ననైనవి. పూట అనునప్పుడు మాత్రము జాగ్రత్త పడుము. ఎనిమిది గంటలకొకసారి వేయవలసిన మందును మూడుపూటల యంటివా, రాత్రి ఏడింటికి అన్నము తిని పండుకొను కూలివాడు పగటివేళలోనే మూడును మ్రింగి, తెల్లవార్లు మందు లేకుండ ఉండును. చెంచా అన్నను అంతే. మీ పుస్తకములో చెంచా అయిదు మిల్లీలీటర్లు. మన వంటింటిలో ఉప్పుచెంచాయు చెంచాయే, పెరుగుచెంచాయు చెంచాయే. మూతకు గీత గీసి చూపుము. ఆంటీబయాటిక్ అట్టమీద నిలువుగా ఉండు ఎర్రగీత దేనికని మన వీథిలో పదిమందిని అడిగితిని. ఒకడు అది కంపెనీవారి అలంకారమన్నాడు. డాక్టరు చీటీ లేక దానిని కొనరాదని, మొదలుపెట్టినదానిని సగములో మానరాదని వానికి ఎవ్వరును చెప్పలేదు. 2023నుండి పేరుమోసిన మూడువందల మందులమీద నలుపు తెలుపు చదరపుగళ్ల గుర్తు కూడ అచ్చొత్తుచున్నారు, ఫోను చూపినచో చరిత్ర యంతయు చెప్పునట. చెప్పనిమ్ము, మంచిదే. ఆ గళ్లను మా పాలమనిషికి చూపితిని. పులి-మేక ఆటయా బాబయ్యా అన్నది.

ఇంతవరకు వ్రాయుసరికి మీ అమ్మమ్మ వచ్చి, పిల్లకు తలనూనె సంగతి వ్రాసితిరా యని అడిగినది. వ్రాసితిని. వారమునకు రెండుమారులు, గోరువెచ్చగా.

భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని మీ వక్తృత్వపు పోటీలో తప్పక ఎవరో ఒకరు తలచుకొందురు. ఖద్దరు తొడిగినందుకు మద్రాసు వైద్యకళాశాలలో ఆయనకు ఎం.బి.బి.ఎస్. దక్కక ఎల్.ఎం.ఎస్. చేతికి వచ్చినదని చెప్పి చప్పట్లు కొట్టింతురు. కాని ఆయన బృందము అమెరికాలో వెలికితీసిన హెట్రజాన్ మాత్ర మన కోనసీమకు వచ్చినప్పుడు జరిగినది చెప్పువారు ఉండరు. బోదకాలు మన ఇండ్లలో ఎట్లుండెనో నీకు తెలియును, మా పెదనాయనమ్మ ఫొటోలో చీర కుచ్చెళ్లు అంతగా క్రిందికి ఎందుకు దిగియున్నవని నీవే అడిగితివి. బోదకాలు తెచ్చు క్రిమి రాత్రివేళనే పైనెత్తురులోనికి వచ్చును గనుక మేము రాత్రి ఎనిమిదింటి తరువాత లాంతరు పట్టుకొని, గాజుపలకలతో ఇంటింటికి తిరిగి వ్రేలిచివర చుక్క తీసెడివారము. నెత్తురు అమ్ముకొనువారు వచ్చిరని కుక్కలను ఉసికొల్పిరి. మాత్ర ఇచ్చినచో నాలుకక్రింద దాచి, మేము మలుపు తిరుగగానే తులసికోట ప్రక్క ఉమ్మెడివారు. ఏలయన నిరుడు మ్రింగినవారిలో కొందరికి జ్వరము వచ్చినది. మందుకు క్రిములు చచ్చునప్పుడు వచ్చు జ్వరమది. జ్వరము వచ్చినవానికే ఆ మాత్ర అక్కఱయని అర్థము. ఈ ముక్కను వారికి వారి మాటలో చెప్పినవాడు మా జట్టులో ఒక్కడే యుండెను, శ్రీకాకుళపువాడు. వాని యాసను అనుకరించి గదిలో మేమందరము నవ్వెడివారము. వాడు అరుగుమీద చతికిలబడి, "జొరమొచ్చిందా? పురుగు సచ్చిందన్నమాటే" అని నవ్వుచు తానే ఒక మాత్ర వేసికొనెడివాడు. వాని అరుగులమీద ఉమ్మివేసిన మాత్ర కనబడలేదు.

డిప్లొమా చదువునాడు వానితో నాకు స్నేహము కుదిరినది పాఠముచేత కాదు, కిరసనాయిలు పొయ్యిచేత. నలుగురము ఒకే గదిలో ఉండి, ఒకే పొయ్యిమీద వండుకొని, గోంగూర ఆకు దూయుచు ఒకరినొకరు లాటిను సంక్షేపములు అడుగుకొనెడివారము. అరువది మినిములు ఒక డ్రాము, ఎనిమిది డ్రాములు ఒక ఔన్సు అని పాటగా పాడినవాడు కూడ వాడే. ఒంటిగా కూర్చుండియుంటినా, పరీక్ష గట్టెక్కెడివాడనేమో గాని, అరుగుమీద కూర్చుండు విద్య నాకు అబ్బెడిది కాదు. నీ జీప్యాట్ పరీక్షకు చదువుకొనుము, వద్దనను. భోజనము మాత్రము నలుగురిలో చేయుము. నీ తెలుగు విని ఎవతెయైన నవ్వినచో నవ్వనిమ్ము. నా ఈ గ్రాంథికపు ఉత్తరములను చూచి మీ గదిలోని పిల్లలు పొట్టచెక్కలగునట్లు నవ్విరని నీవే వ్రాసితివి గదా, నేనేమి మానితినా?

ఊళ్లకు ఒకేసారి పొమ్మని నేననను. మీ మెస్సులో వడ్డించునామెకు బి.పి. ఉన్నదని వ్రాసితివి. మాత్ర ఎప్పుడు వేసికొనుచున్నదో, బాగున్నదనిపించిననాడు మానుచున్నదో, మొదట ఆమెను అడుగుము. ఆమె చెప్పినది ఆమె మాటలోనే వ్రాసి నాకు పంపుము. ఊళ్ల జట్టులో నీ పేరు తిరిగి చేర్పించుకొనుట ఆలస్యమైనచో మీ ఆచార్యులవారికి నేనొక ఉత్తరము వ్రాయగలను. వద్దందువని నాకు తెలియును, నీవే చేర్పించుకొందువని కూడ తెలియును.

మీ మామయ్య ఆదివారము విశాఖపట్టణము వచ్చుచున్నాడు. వానిచేత గోంగూర పచ్చడి పంపుచున్నాను. సీసాకు చీటీ అంటించితిని, తెలుగులోనే: తడిచెంచా పెట్టరాదు, వేడి అన్నములో నేతితో, భోజనపుబల్లయొద్ద మాత్రమే. మా కాలమున మిక్చరు సీసాలకు మోతాదు తెలియుటకై మెట్లుమెట్లుగా కత్తిరించి అంటించు కాగితపుముక్కను నీవు చూచియుండవు. మందు ఎంతవరకున్నదో అంత పొడవు కాగితము తీసి, ఎన్ని మోతాదులో అన్ని మడతలు మడిచి, మూల కత్తిరించి విప్పినచో రంపపు పండ్లవలె వచ్చును. చేయి వణకుటచేత మూడు కాగితములు పాడైనవి, నాలుగవది కుదిరినది. మీ గదిలో నలుగురని మీ అమ్మ చెప్పినది. మెట్లు అయిదు కోసితిని. అయిదవది వడ్డించునామెకు.

ఇట్లు,
నీ శుభము కోరు
తాతయ్య