తలస్నానం అయ్యాక తడి జుట్టుకు ఏమి రాయాలి?

హాస్టల్లో చదివిన ఆడపిల్లలకు ఆదివారం అంటే తలస్నానమే. బోరింగు దగ్గర బకెట్ల వరుస, ఒక షాంపూ ప్యాకెట్టును ఇద్దరు పంచుకోవడం, ఆ తర్వాత మేడ మీద ఎండలో ఒకరి వెనుక ఒకరు కూర్చుని చిక్కులు తీసుకోవడం ఏ బ్యాచ్ వాళ్లకైనా తెలిసిన సంగతులే. కుంకుడుకాయ మంచిదా, షాంపూ మంచిదా అని పత్రికల్లో చాలా వ్యాసాలు వస్తుంటాయి. తల కడుక్కున్న తర్వాత, జుట్టు ఇంకా తడిగా ఉన్న ఆ అరగంటలో ఏమి చెయ్యాలన్నది మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. జుట్టు తెగేది ఎక్కువగా ఆ అరగంటలోనే.

ఈ సంచిక కోసం ఈ విషయం రాయాలని పూర్వ విద్యార్థినులం కొందరం అనుకున్నాం. మాలో ఒకరు నర్సు, ఒకరు రసాయన శాస్త్రం చెప్పే టీచరు. మిగతావాళ్లం మీలాగే రెండు జడలు మడిచి రిబ్బను కట్టుకుని బడికి పరుగెత్తినవాళ్లం. ఇది అందం గురించిన వ్యాసం కదా, హాస్టల్ పిల్లలకు ఎందుకు అని ఎవరైనా అనవచ్చు. అందం కోరుకోవడంలో తప్పేమీ లేదు. కానీ మా అసలు కారణం వేరే ఉంది. హాస్టళ్లలో పేలు పడితే జుట్టు పొట్టిగా కత్తిరించెయ్యడం చాలా కాలంగా ఉన్న అలవాటు. ఇష్టపడి కత్తిరించుకుంటే బాగానే ఉంటుంది, తల తేలిక, నీళ్లు ఆదా. ఇష్టం లేకుండా కత్తిరిస్తే ఆ పిల్ల దసరా సెలవులకు ఇంటికి వెళ్లడానికి కూడా సిగ్గుపడుతుంది. అలాంటి చెల్లెళ్లను మేము చూశాం. 'పేల దువ్వెన ఈ చిక్కుల్లో దిగదు, అందుకే కత్తిరిస్తున్నాం' అని పెద్దలు చెబుతారు. అయితే దువ్వెన దిగేలా చేస్తే సరిపోతుంది కదా! తడి జుట్టుకు రాసే పూతల పని అదే.

ముందు జుట్టు అంటే ఏమిటో చూద్దాం. తల చర్మం లోపల ఉన్న కుదురు మాత్రమే ప్రాణమున్నది. బయట కనిపించే వెంట్రుక కెరాటిన్ అనే ప్రోటీనుతో తయారైన నిర్జీవమైన పోగు. అది నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. ఈ లెక్కన 60 సెంటీమీటర్ల జడ ఉన్న తొమ్మిదో తరగతి అమ్మాయి జడ చివర ఆమె నాలుగో తరగతిలో ఉండగా పుట్టినది. ఐదేళ్లుగా ఎండనూ, సబ్బునూ, రబ్బరు బ్యాండునూ భరించిన ఆ చివర పాత నవారులా పీచు లేవడంలో వింతేముంది? ప్రాణం లేని ఆ పోగుకు పైన ఏది రాసినా 'పోషణ' అందదు. అలా అందుతుందని చెప్పే ప్రకటనలను నమ్మకండి. పైపూత చెయ్యగలిగింది వేరు. వెంట్రుక పైపొర మీద ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకున్న పొలుసులుంటాయి. తడిసినప్పుడు వెంట్రుక ఉబ్బుతుంది, సాగుతుంది, బలం తగ్గుతుంది. పొలుసులు కొద్దిగా లేచి పక్క వెంట్రుకతో రాసుకుంటాయి. పలుచటి జిగురు పొర ఒకటి మధ్యలో ఉంటే ఆ రాపిడి తగ్గి, దువ్వెన జారుతుంది.

మన బోరు నీళ్లు ఈ ఇబ్బందిని రెట్టింపు చేస్తాయి. జుట్టు బిరుసెక్కితే మన వైపు చాలామంది ఫ్లోరైడును తిడతారు. ఫ్లోరైడ్ పళ్లకు, ఎముకలకు చేసే హాని నిజమే గాని, సబ్బు నురగ రాకపోవడానికి కారణం నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. పదో తరగతి లోపే చదువుకున్న 'కఠిన జలం' పాఠం గుర్తుందా? ఒంటి సబ్బుతో తల రుద్దుకుంటే ఆ లవణాలతో కలిసి తెట్టు కడుతుంది. అది వెంట్రుకలకు అంటుకుని, ఆరాక తెల్లటి పొడిలా రాలుతుంది. దాన్ని చుండ్రు అనుకుని మళ్లీ సబ్బు రుద్దే పిల్లలు ఉంటారు. షాంపూతో ఈ తెట్టు అంతగా కట్టదు. సబ్బు తప్ప వేరే దిక్కు లేకపోతే చెంబు నీళ్లలో ఒక చెంచా నిమ్మరసం కలిపి పోసుకుని, వెంటనే ఇంకో చెంబు మామూలు నీళ్లు పోసుకోండి. నిమ్మరసాన్ని తలలో అలాగే ఉంచి ఎండలో కూర్చోవద్దు, చర్మం మండి మచ్చలు పడే అవకాశం ఉంది. వాన నీళ్లు పట్టుకున్న రోజైతే ఆఖరి రెండు చెంబులు వాటితోనే కానివ్వండి. తేడా చేతికే తెలుస్తుంది.

ఇక పూతల సంగతి. మేము చూసినవాటిలో అన్నిటికంటే మేలైనది అవిసె గింజల జిగురు. కొందరు వీటిని మదనగింజలు అంటారు. పువ్వులు కూర వండుకునే అవిసె చెట్టు వేరు, అది కాదు. కొట్లో అడిగేటప్పుడు నూనె గింజలు, గోధుమ రంగువి, నున్నగా మెరిసేవి అని చెప్పండి. రెండు పెద్ద చెంచాల గింజలు రెండు గ్లాసుల నీళ్లలో వేసి సన్నటి మంట మీద కలుపుతూ ఉండాలి. వదిలేస్తే అడుగంటుతుంది, లేదా పొంగిపోతుంది. ఎనిమిది, పది నిమిషాల్లో నీళ్లు కోడిగుడ్డు తెల్లసొనలా సాగడం మొదలవుతుంది. గరిటె ఎత్తితే తీగ కట్టాలి. అప్పుడే దించి, వేడిగా ఉండగానే పలుచటి బట్టలో వడకట్టాలి. చల్లారనిచ్చారో, ఆ జిగురు బట్టలోంచి దిగనే దిగదు. ఎంత పిండినా గింజలు, జిగురు కలిసి ముద్దయిపోతాయి. చేతులు కాలకుండా బట్ట మూటను రెండు గరిటెల మధ్య నొక్కితే సులువు. ఈ కొలతకు వచ్చే జిగురు ఏడెనిమిది మందికి సరిపోతుంది.

రాసే పద్ధతి కూడా ముఖ్యమే. కండువాతో జుట్టును రుద్దకుండా, పాత నూలు చొక్కానో పంచె ముక్కనో చుట్టి నీళ్లు పీల్చనివ్వాలి. పాతబడి మెత్తబడ్డ నూలు బట్టకు మించిన తువ్వాలు లేదు. నీళ్లు కారడం ఆగాక, పూర్తిగా చల్లారిన జిగురును రెండు చెంచాలు అరచేతుల్లోకి తీసుకుని చెవుల కింది నుంచి చివరల దాకా రాయాలి. కుదుళ్లకు అక్కర్లేదు, అక్కడ జుట్టు కొత్తది. తర్వాత వెడల్పు పళ్ల దువ్వెనతో ముందు చివర, ఆపైన మధ్య, చివరికి పైనుంచి కింది దాకా దువ్వాలి. పైనుంచి మొదలుపెట్టి లాగితే చిక్కులన్నీ కిందికి చేరి ముడి పడతాయి. కడిగెయ్యకుండా అలాగే ఆరనివ్వాలి. ఆరాక కొంచెం గట్టిగా అనిపిస్తే వేళ్లతో నలిపితే మెత్తబడుతుంది.

అవిసెలు కొనలేని రోజు బెండకాయ ఉంది. హాస్టల్లో బెండకాయ కూర ఉన్నరోజు తరిగి పారేసే తొడిమలు, చివరలు రెండు గుప్పెళ్లు అడిగి తెచ్చుకోండి. గ్లాసున్నర నీళ్లలో పది నిమిషాలు ఉడికించి వడకడితే అదే పని చేస్తుంది, జారుడు కాస్త తక్కువ. పైసా ఖర్చు లేదు. వంటమ్మకు ముందురోజే ఒక మాట చెప్పి ఉంచితే చాలు. కలబంద వాడదలచినవాళ్లు మట్టను కోసి పావుగంట నిలబెట్టి, కారే పసుపు రసాన్ని పోనివ్వాలి. దురద పెట్టేది ముఖ్యంగా ఆ పసుపు రసమే. లోపలి గుజ్జు మాత్రం తీసి, బాగా గిలక్కొట్టి వడకట్టుకోవాలి. మెంతుల నీళ్లు కూడా జిగురే గాని, చెమట పట్టిందంటే ఆ వాసనకు పక్క బెంచీ వాళ్లు లేచిపోతారు.

నూనె సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చిన పరిశోధన ఒకటి 2003లో వెలువడింది. తల కడగడానికి ముందు రాసినా, తర్వాత రాసినా వెంట్రుకలోని ప్రోటీను నష్టాన్ని తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే అని అందులో తేలింది. దాని అణువులు చిన్నవి, తిన్ననివి కావడంతో వెంట్రుక లోపలికి దిగగలవు. మన అమ్మమ్మలకు ఈ కారణం తెలియకపోయినా అలవాటు మంచిదే. అయితే తలస్నానం తర్వాత వాడవలసింది మూడు, నాలుగు చుక్కలు మాత్రమే. జిగురు రాసిన తర్వాత, అరచేతుల్లో రుద్దుకుని చివరలకు తాకించాలి. జడ వేసే ముందు గరిటెడు పట్టించే అలవాటు వేరు. కడిగిన రోజే అంత నూనె పడితే దుమ్మంతా అంటుకుని బుధవారానికి మళ్లీ తల జిడ్డు.

గంజి విషయంలో మాలో మాకే వాదన జరిగింది. గంజి నీళ్లు జుట్టుకు మంచివని ఈమధ్య అందరూ అంటున్నారు. పలుచగా చేసి పోసుకుని కడిగేసుకుంటే అభ్యంతరం లేదు. తలలో ఉంచేస్తే మాత్రం యూనిఫాం చొక్కాకు పెట్టినట్టే పెడుతుంది, జుట్టు బరకెక్కి విరుగుతుంది. పైగా పులుస్తుంది. మందారాకు ముద్ద, పెరుగు కూడా కడగవలసినవే. గుడ్డు తలకు రాయాలని అడిగిన చెల్లెలికి మా జవాబు ఒక్కటే: హాస్టల్లో ఇచ్చే గుడ్డు తినడానికి. కుదురులో వెంట్రుక తయారయ్యేది మనం తిన్నదానితోనే. వారానికోసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్ర కూడా అంతే, దాన్ని కిటికీలోంచి విసిరేసి జుట్టు ఊడుతోందని బాధపడితే ఏమి లాభం? రక్తహీనత జుట్టు రాలడానికి ఒక ముఖ్య కారణం. దానికి ఏ పూతా మందు కాదు.

ఇప్పుడు పేల దగ్గరికి వద్దాం. మొదటే చెబుతున్నాం, ఈ జిగురు పేలను చంపదు. దువ్వెన జారేలా చేస్తుంది, అంతే. తడి జుట్టులో పేలు చురుకుగా పరుగెత్తలేవు. అందుచేత జిగురు రాసి, చిక్కులు తీసి, ఆ తర్వాత పేల దువ్వెనను తల చర్మానికి ఆనించి చివర దాకా లాగాలి. ఈ ఒక్క సందర్భంలో జిగురు కుదుళ్లకు కూడా రాయాలి. పాయలు పాయలుగా తీసుకుని, ప్రతి లాగుడుకూ దువ్వెనను తెల్లటి గుడ్డకు తుడిచి చూడాలి. ఒక్కరోజు చేసి ఊరుకుంటే ప్రయోజనం లేదు. ఈర్లు వారం, పది రోజుల్లో పొదుగుతాయి కాబట్టి మూడు, నాలుగు రోజులకొకసారి చొప్పున కనీసం రెండు వారాలు సాగాలి. గదిలో అందరూ ఒకే రోజు దువ్వించుకోవాలి. పేలు ఎగరవు, దూకవు, తలకు తల తగిలినప్పుడు పాకుతాయి. ఒకే చాప మీద ఆనుకుని పడుకునే మనకు ఒక్కరి తల బాగైతే సరిపోదు. దువ్వెనలను పది నిమిషాలు బాగా వేడి నీళ్లలో ఉంచండి. దిండు గలీబులను వేడి నీళ్లతో ఉతికి ఎండలో ఆరెయ్యండి. అయినా తగ్గకపోతే ఆరోగ్య కేంద్రంలో అడిగి 1 శాతం పర్మెత్రిన్ లోషన్ వాడవచ్చు.

కిరోసిన్ మాత్రం వద్దు. చీమల మందు, పొలానికి కొట్టే మందు అసలే వద్దు. కిరోసిన్ రాసుకున్న తలతో పొయ్యి దగ్గరికి వెళ్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. పురుగుమందు తల చర్మం గుండా రక్తంలోకి వెళ్తుంది. ఎవరైనా పెద్దవాళ్లు రాస్తామని వచ్చినా ఈ పేజీ చూపించి వద్దనండి. పిల్లలు ఎదురుచెప్పారని అనుకుంటే అనుకోనివ్వండి.

కొత్త పూత ఏదైనా ముందు మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి మర్నాటి దాకా చూడాలి. దద్దురు వస్తే అది మీకు పడదని అర్థం. తలలో పుండ్లుంటే ఏదీ రాయకుండా నర్సమ్మకు చూపించాలి. జిగురు ఏదైనా ఏ పూటకాపూట కాచుకోవాలి. ఫ్రిజ్ లేని చోట పొద్దున కాచింది సాయంత్రానికి పారబొయ్యాలి, వాసన రాకపోయినా సరే. తడి జుట్టును బిగించి జడ వెయ్యవద్దు. లోపల తడి నిలిచి వాసన వస్తుంది, కుదుళ్లు లాగుతాయి. అందుకే బడి ఉన్న రోజు పొద్దున్నే తలస్నానం పెట్టుకోకండి. ఆదివారం పదింటిలోపు తల కడుక్కుంటే మధ్యాహ్నం భోజనాల వేళకు ఆరిపోతుంది.

ఎనిమిది మంది కలిసి ఒక జట్టుగా చేసుకుంటే గింజల ఖర్చు తలా ఒకటి రెండు రూపాయలకు మించదు. కాస్మెటిక్ చార్జీల్లోంచి వారానికి అంత తీయడం కష్టం కాదు. ఒకరు గింజలు, ఒకరు గుడ్డ, ఒకరు కాచే పని అని శనివారం రాత్రే పంచుకోండి. వంటగదిలో టిఫిన్ల పని ముగిసి పొయ్యి ఖాళీ అయ్యాకే అడగండి. కాచిన గిన్నెను మాత్రం వెంటనే కడిగి ఇచ్చెయ్యాలి. ఆ జిగురు ఎండిందంటే పీచు పెట్టి గీకినా రాదు, వంటమ్మ మళ్లీ గిన్నె ఇవ్వదు.